డ్యూయల్ బూట్ ఎర్రర్: ముందు ఆ మాట ఎవరంటున్నారో చూడండి

లాప్‌టాప్ ఆన్ చేస్తే విండోస్ రాదు, ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) రాదు. నల్లటి స్క్రీన్ మీద "గ్రబ్ రెస్క్యూ" అనే మాట, పక్కన మినుకుమినుకుమంటూ కర్సర్. డ్యూయల్ బూట్, అంటే ఒకే మెషిన్‌లో రెండు ఓఎస్‌లు (ఆపరేటింగ్ సిస్టమ్‌లు) వేసుకున్నవాళ్లలో ఈ స్క్రీన్ చూడనివాళ్లు తక్కువ. ఆ టెన్షన్‌లో ఉండగానే హాస్టల్ పక్క రూమ్ వాడు వచ్చి "ఓఎస్ ఎగిరిపోయింది రా, ఫార్మాట్ కొట్టెయ్" అంటాడు. రిపేర్ షాపుకు తీసుకెళ్లినా తరచూ అదే మాట. చెప్పేవాళ్లకు అది తేలికైన పని. పోయే ప్రాజెక్టు ఫైళ్లు, ఇంట్లోవాళ్ల ఫొటోలు మాత్రం మనవి.

ఆ స్క్రీన్ వచ్చినా చాలాసార్లు ఫైళ్లకు ఏమీ అయి ఉండదు. రెండు ఓఎస్‌లూ డిస్క్ మీద ఎక్కడివక్కడే ఉంటాయి. వాటి దాకా వెళ్లే దారిలో ఒకచోట లింకు తెగి ఉంటుంది. ఎర్రర్‌ని గూగుల్లో కొట్టే ముందు ఒక్కటి తేల్చుకుంటే సగం పని అయిపోతుంది: ఆ మాట స్క్రీన్ మీద రాసింది ఎవరు?

పవర్ బటన్ నొక్కగానే ముందు లేచేది మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్, మనం అలవాటుగా బయోస్ అనేది. అది డిస్క్‌లో బూట్‌లోడర్‌ని వెతికి పట్టుకుని పని అప్పగిస్తుంది. లినక్స్‌కి అది గ్రబ్, విండోస్‌కి విండోస్ బూట్ మేనేజర్. బూట్‌లోడర్ ఓఎస్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌ని మెమరీలోకి ఎక్కిస్తుంది. కెర్నల్ తన అసలు పార్టిషన్ (డిస్క్‌లో తనకు కేటాయించిన భాగం) వెతుక్కుని మిగతా సిస్టమ్‌ని లేపుతుంది. వీళ్లలో ఎవరికైనా తన తర్వాతివాడు దొరక్కపోతే అక్కడే ఆగి, తన పద్ధతిలో ఓ ముక్క రాసి ఊరుకుంటాడు.

"నో బూటబుల్ డివైస్", "ఆపరేటింగ్ సిస్టమ్ నాట్ ఫౌండ్", "రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్" లాంటివి ఫర్మ్‌వేర్ మాటలు. బూట్‌లోడర్ ఇంకా రంగంలోకే రాలేదు. గ్రబ్ పేరు కనిపించిందంటే ఫర్మ్‌వేర్ తన పని చేసేసింది, ఇరుక్కున్నది గ్రబ్. నీలం తెర మీద "యువర్ పీసీ నీడ్స్ టు బి రిపేర్డ్" అని వస్తే మాట్లాడుతున్నది విండోస్ బూట్ మేనేజర్. అదే నీలం తెర మీద ఏడుపు మొహం బొమ్మ వస్తే (కొత్త విండోస్ 11లో బొమ్మ లేని నల్ల తెర) విండోస్ కెర్నల్ అప్పటికే లేచి తర్వాత పడిపోయిందని. "ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్" అనే ప్రాంప్ట్ వస్తే గ్రబ్ దాటి లినక్స్ కెర్నల్ కూడా లేచింది, కానీ దానికి తన పార్టిషన్ దొరకలేదు, లేదా దొరికినా ఫైల్ సిస్టమ్, అంటే అందులో ఫైళ్ల అమరిక, బాగాలేదు. ఇది చూడకుండా యూట్యూబ్‌లో మొదట కనిపించిన కమాండ్లు కొట్టేస్తే ఒక చోట తెగింది రెండు చోట్ల తెగుతుంది.

రెండు పద్ధతులు కలగలిస్తే

పాత బయోస్ పద్ధతిలో డిస్క్ మొదటి సెక్టార్ సర్వస్వం. మొత్తం 512 బైట్లు. అందులో 446 బైట్లు బూట్ కోడ్‌కి, 64 బైట్లు పార్టిషన్ టేబుల్‌కి, చివరి 2 బైట్లు గుర్తుకి. ఆ 446 బైట్లలో ఇద్దరికి చోటు లేదు. చివర ఎవరు ఇన్‌స్టాల్ అయితే వాళ్లదే రాజ్యం. విండోస్ ఇన్‌స్టాలర్ అక్కడున్న గ్రబ్‌ని అడగకుండా తుడిచి తన కోడ్ రాసుకుంటుంది, లినక్స్‌ని లెక్కలోకి తీసుకోదు. గ్రబ్ అయితే విండోస్‌ని కూడా మెనూలో చూపిస్తుంది. "ముందు విండోస్, తర్వాత లినక్స్" అని సీనియర్లు చెప్పే మాట ఇక్కడి నుంచి వచ్చిందే.

ఇప్పటి మెషిన్లలో ఉన్నది యూఈఎఫ్‌ఐ అనే కొత్త ఫర్మ్‌వేర్ పద్ధతి. ఇందులో డిస్క్ మీద ఫ్యాట్32లో ఫార్మాట్ చేసిన చిన్న పార్టిషన్ ఒకటి ఉంటుంది, ఈఎస్‌పీ అంటారు. విండోస్ సొంతంగా చేసుకుంటే సాధారణంగా 100 ఎంబీ. దాన్ని తెరిచి చూస్తే లోపల ఈఎఫ్‌ఐ అనే ఫోల్డర్, అందులో మైక్రోసాఫ్ట్ అని ఒకటి, ఉబుంటు అని ఒకటి, బూట్ అని ఒకటి పక్కపక్కనే కనిపిస్తాయి. ఎవరి బూట్‌లోడర్ ఫైలు వాళ్ల ఫోల్డర్‌లో. ఒకరినొకరు తుడుచుకోవాల్సిన పని లేదు. (లినక్స్ మింట్ కూడా ఉబుంటు ఫోల్డర్‌నే వాడుతుంది. ఆ రెండూ ఒకే డిస్క్‌లో వేస్తే చివర వేసినదే ఆ ఫోల్డర్‌లో మిగులుతుంది.)

అయితే ఏ ఫైలు ముందు నడపాలి అనే లిస్టు డిస్క్‌లో ఉండదు, మదర్‌బోర్డు సొంత మెమరీలో ఉంటుంది. యూఈఎఫ్‌ఐ బాధలు చాలావరకు ఇక్కడివే. బయోస్ అప్‌డేట్ చేసినా, సెట్టింగ్స్ డిఫాల్ట్‌కి మార్చినా ఆ లిస్టులో ఉబుంటు పేరు ఎగిరిపోవచ్చు. విండోస్ పెద్ద అప్‌డేట్ తర్వాత విండోస్ పేరు పైకి, ఉబుంటు కిందికి పోవచ్చు. ఇల్లు ఉన్నచోటే ఉంది, అడ్రస్ రాసిన చీటీ పోయిందంతే. అందుకే మొదట చేయాల్సింది బూట్ మెనూ తెరవడం. డెల్, లెనోవోలలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్ లాప్‌టాప్‌లలో ఎస్కేప్. అక్కడ ఉబుంటు పేరుంటే దాన్ని ఎంచుకోండి. బూట్ అయితే సెట్టింగ్స్‌లో వరుస మార్చుకుంటే సరి. పేరే లేకపోతే లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండానే ఉబుంటు నడిచేది) లేచి, ఈఎఫ్‌ఐబూట్ఎంజీఆర్ అనే టూల్‌తో ఆ పేరు మళ్లీ చేర్చాలి. కొన్ని ఏసర్ లాప్‌టాప్‌లది ఇంకో తీరు. ముందు బయోస్‌లో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెడితే గానీ ఉబుంటు బూట్‌లోడర్ ఫైలుని నమ్మదగినదిగా గుర్తించే ఆప్షన్ తెరుచుకోదు.

కొత్తగా వేసేవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది మాత్రం ఈ రెండు పద్ధతుల మధ్య. విండోస్ యూఈఎఫ్‌ఐలో ఉంటుంది, ఉబుంటు పెన్‌డ్రైవ్ మాత్రం లెగసీ మోడ్‌లో, అంటే పాత బయోస్ పద్ధతిలో, బూట్ అవుతుంది. ఉబుంటు ఇన్‌స్టాలేషన్ చక్కగా పూర్తవుతుంది, ఎర్రర్ ఏదీ రాదు. రీస్టార్ట్ చేశాక నేరుగా విండోస్ వస్తుంది, లేదా గ్రబ్ వచ్చి విండోస్ కనిపించదు. లెగసీలో లేచిన గ్రబ్ యూఈఎఫ్‌ఐ విండోస్‌ని లేపలేదు. విండోస్ ఏ మోడ్‌లో ఉందో తెలియాలంటే స్టార్ట్ మెనూలో "ఎంఎస్‌ఇన్ఫో32" అని కొట్టి బయోస్ మోడ్ అనే లైన్ చూడాలి. లైవ్ ఉబుంటులో అయితే సిస్, ఫర్మ్‌వేర్ ఫోల్డర్ల కింద ఈఎఫ్‌ఐ అనే ఫోల్డర్ ఉందా లేదా అని చూస్తే చాలు. ఉంటే యూఈఎఫ్‌ఐ, లేకపోతే లెగసీ. ఇన్‌స్టాల్ బటన్ నొక్కే ముందే ఈ రెండూ కలిశాయో లేదో చూసుకుంటే ఓ పూట మిగులుతుంది.

దీనికి తిరగేసిన కేసు విండోస్ ఇన్‌స్టాలర్‌లో వస్తుంది. సెలెక్ట్ చేసిన డిస్క్‌లో ఎంబీఆర్ పార్టిషన్ టేబుల్ ఉంది, ఈఎఫ్‌ఐ సిస్టమ్‌లో జీపీటీ డిస్క్‌ల మీదే ఇన్‌స్టాల్ అవుతుంది అంటుంది. (ఎంబీఆర్ పాత బయోస్ పద్ధతి పార్టిషన్ టేబుల్, జీపీటీ యూఈఎఫ్‌ఐది.) ఇక్కడే చాలామంది కమాండ్ ప్రాంప్ట్ తెరిచి డిస్క్‌పార్ట్ అనే టూల్‌లో "క్లీన్" కొట్టేస్తారు. ఆ ఒక్క మాటతో డిస్క్ మీద పార్టిషన్లన్నీ మాయం. పెన్‌డ్రైవ్‌ని లెగసీలో బూట్ చేస్తే ఆ మెసేజ్ అసలు రాదు. డిస్క్‌నే మార్చాలనుకుంటే 2017 నుంచి విండోస్ 10తో పాటు వస్తున్న ఎంబీఆర్2జీపీటీ టూల్ డేటా పోకుండా మారుస్తుంది. కానీ డిస్క్‌లో ప్రైమరీ పార్టిషన్లు మూడుకు మించకూడదు, ఎక్స్‌టెండెడ్, లాజికల్ (పాత పద్ధతిలో నాలుగుకు మించి పార్టిషన్లు కావాలంటే చేసేవి) అసలు ఉండకూడదు. పాత ఉబుంటు ఉన్న డిస్క్‌లలో లాజికల్ పార్టిషన్లు సర్వసాధారణం కాబట్టి డ్యూయల్ బూట్ వాళ్లకు ఇది అక్కరకు రావడం అరుదు.

గ్రబ్ ప్రాంప్ట్ వచ్చినప్పుడు

అందరికీ తెలిసిన కథ ఇది. సెమిస్టర్ అయిపోయింది, ఇక ఉబుంటు ఎందుకని విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి ఆ పార్టిషన్‌ని డిలీట్ చేస్తారు. సి డ్రైవ్‌కి చోటు పెరిగిందని సంతోషం. మర్నాడు పొద్దున ఆన్ చేస్తే గ్రబ్ ప్రాంప్ట్. పోయింది లినక్స్ పార్టిషన్ ఒక్కటే. గ్రబ్ మొదటి ముక్క ఈఎస్‌పీలోనో, పాత పద్ధతిలో అయితే మొదటి సెక్టార్‌లోనో ఇంకా ఉంది. అది లేచి, తన మిగతా ఫైళ్ల కోసం ఇప్పుడు లేని పార్టిషన్‌లో వెతుక్కుంటోంది.

ఉబుంటు పాత ఇన్‌స్టాలర్‌తో ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ మీద వేసినవాళ్లకు కూడా ఇదే ఎదురయ్యేది. బూట్‌లోడర్ ఎక్కడ పెట్టాలని అడిగినప్పుడు ఎక్స్‌టర్నల్ డిస్క్‌నే చూపించినా, యూఈఎఫ్‌ఐ మెషిన్లలో అది లాప్‌టాప్ లోపలి డిస్క్‌లోని ఈఎస్‌పీలో కూర్చునేది. కేబుల్ తీసేయగానే విండోస్ కూడా రాక గ్రబ్ ప్రాంప్ట్ వచ్చేది.

ప్రాంప్ట్‌లో కూడా రెండు రకాలు ఉన్నాయి. ఉత్త "గ్రబ్" అని ఉంటే గ్రబ్ పూర్తిగానే లేచింది, మెనూ ఫైలు మాత్రం దొరకలేదు. "గ్రబ్ రెస్క్యూ" అని ఉంటే దాని మాడ్యూళ్లు (విడి భాగాలు) కూడా దొరకలేదు. చేతిలో ఉన్నవి నాలుగైదు కమాండ్లే.

లినక్స్ డిలీట్ కాలేదు, సి డ్రైవ్‌ని కుదించి కొత్త పార్టిషన్ చేస్తే నంబర్లు మారాయి, అందుకే ఇలా అయిందనుకుందాం. రెస్క్యూ ప్రాంప్ట్ దగ్గర ఎల్‌ఎస్ అని కొట్టి ఎంటర్ నొక్కితే పార్టిషన్ల లిస్టు వస్తుంది: (హెచ్‌డీ0,ఎంఎస్‌డాస్1), (హెచ్‌డీ0,ఎంఎస్‌డాస్5), (హెచ్‌డీ0,ఎంఎస్‌డాస్6) ఇలా. నేను తెలుగులో రాస్తున్నా కీబోర్డు మీద కొట్టాల్సింది ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, బ్రాకెట్లతో సహా. ఒక్కో పేరు తీసుకుని, వెనక ఒక స్లాష్ పెట్టి, మళ్లీ ఎల్‌ఎస్ కొట్టాలి. "అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్" అంటే కంగారు వద్దు, అది విండోస్ పార్టిషన్ అయి ఉంటుంది, తర్వాతిది చూడండి. బూట్, హోమ్, ఈటీసీ లాంటి పేర్లు కనిపించాయంటే లినక్స్ దొరికినట్టే. అది ఎంఎస్‌డాస్6 అనుకుంటే వరుసగా ఇవి:

సెట్ రూట్=(హెచ్‌డీ0,ఎంఎస్‌డాస్6)
సెట్ ప్రిఫిక్స్=(హెచ్‌డీ0,ఎంఎస్‌డాస్6)/బూట్/గ్రబ్
ఇన్స్‌మాడ్ నార్మల్
నార్మల్

రెండో లైను సరిగ్గా ఉంటే నాలుగో లైనుకి ఎప్పటి మెనూ ప్రత్యక్షమవుతుంది. కానీ ఇది ఈ ఒక్కసారికే. ఉబుంటులోకి లాగిన్ అయ్యాక టెర్మినల్‌లో సుడోతో (అడ్మిన్ అధికారంతో) గ్రబ్-ఇన్‌స్టాల్, ఆ వెంటనే అప్‌డేట్-గ్రబ్ కొట్టకపోతే రేపు మళ్లీ ఇదే స్క్రీన్. పాత పద్ధతి మెషిన్‌లో గ్రబ్-ఇన్‌స్టాల్‌కి డిస్క్ పేరు ఇవ్వాలి, పార్టిషన్ పేరు కాదు. ఎస్‌డీఏ అనాలి, ఎస్‌డీఏ6 అనకూడదు. చాలామంది పొరపడేది సరిగ్గా ఇక్కడే.

యూఈఎఫ్‌ఐ, సెక్యూర్ బూట్ ఉన్న ఉబుంటులో ఎక్కువగా వచ్చేది ఉత్త గ్రబ్ ప్రాంప్టే. పార్టిషన్‌ని అదే పద్ధతిలో ఎల్‌ఎస్‌తో కనుక్కుని, కాన్ఫిగ్‌ఫైల్ అనే కమాండ్‌కి ఆ పార్టిషన్‌లోని బూట్, గ్రబ్ ఫోల్డర్ల కింద ఉండే గ్రబ్.సీఎఫ్‌జీ దారి మొత్తం ఇస్తే మెనూ వస్తుంది.

లినక్స్ నిజంగానే డిలీట్ అయిపోయి విండోస్ ఒక్కటే కావాలంటే ఇంకా తేలిక. యూఈఎఫ్‌ఐ అయితే బూట్ మెనూలో విండోస్ బూట్ మేనేజర్‌ని ఎంచుకుంటే చాలు, లేదా గ్రబ్ ప్రాంప్ట్ దగ్గర ఎగ్జిట్ కొట్టినా చాలా మెషిన్లలో విండోస్ లేస్తుంది. తర్వాత ఈఎస్‌పీలో మిగిలిపోయిన ఉబుంటు ఫోల్డర్‌ని తీరిగ్గా తీసేయొచ్చు. పాత పద్ధతి అయితే విండోస్ పెన్‌డ్రైవ్‌తో లేచి, రిపేర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి బూట్‌రెక్ ఫిక్స్‌ఎంబీఆర్ కొట్టాలి. అదే కమాండ్‌ని యూఈఎఫ్‌ఐ మెషిన్ మీద కొట్టమనే వీడియోలు బోలెడు. అక్కడ దానివల్ల ఒరిగేదేమీ లేదు. వెంటనే ఫిక్స్‌బూట్ కొడితే "యాక్సెస్ ఈజ్ డినైడ్" అని రావడం, దాని మీద ఇంకో వీడియో చూడటం, అలా సాయంత్రమవుతుంది. యూఈఎఫ్‌ఐలో విండోస్ బూట్ ఫైళ్లను మళ్లీ రాసేది బీసీడీబూట్. డిస్క్‌పార్ట్‌లో ఈఎస్‌పీకి ఒక డ్రైవ్ అక్షరం ఇచ్చి, విండోస్ ఫోల్డర్‌ని, ఆ అక్షరాన్ని బీసీడీబూట్‌కి చూపిస్తే మిగతాది అదే చూసుకుంటుంది.

మెనూ వస్తోంది గానీ అందులో విండోస్ లేదంటే అది వేరే సంగతి. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి పక్క ఓఎస్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్‌ని డిఫాల్ట్‌గా ఆపేశారు. ఈటీసీ, డిఫాల్ట్ ఫోల్డర్ల కింద ఉండే గ్రబ్ ఫైలులో గ్రబ్_డిసేబుల్_ఓఎస్_ప్రోబర్ విలువని ఫాల్స్ అని రాసి, అప్‌డేట్-గ్రబ్ కొడితే విండోస్ పేరు వచ్చేస్తుంది.

సెక్యూర్ బూట్, దాని వెనకే బిట్‌లాకర్

2012లో విండోస్ 8తో సెక్యూర్ బూట్ మన లాప్‌టాప్‌లలోకి వచ్చింది. సంతకం ఉన్న బూట్‌లోడర్‌నే ఫర్మ్‌వేర్ నడపనిస్తుంది. లినక్స్ వాళ్లు షిమ్ అనే చిన్న ప్రోగ్రామ్‌కి మైక్రోసాఫ్ట్ సంతకం తీసుకుని, దాని ద్వారా గ్రబ్‌ని లేపుతారు. అంటే ఫర్మ్‌వేర్‌కీ గ్రబ్‌కీ మధ్య ఇంకొకడు చేరాడు. వాడికీ సొంత ఎర్రర్లు ఉన్నాయి.

2024 ఆగస్టు 13న వచ్చిన విండోస్ అప్‌డేట్ తర్వాత చాలామంది డ్యూయల్ బూట్ వాళ్లకు "వెరిఫైయింగ్ షిమ్ ఎస్‌బ్యాట్ డేటా ఫెయిల్డ్: సెక్యూరిటీ పాలసీ వయొలేషన్" అని ఒక లైను, కింద "సమ్‌థింగ్ హ్యాజ్ గాన్ సీరియస్లీ రాంగ్" అని ఇంకో లైను వచ్చి మెషిన్ ఆఫ్ అయిపోయింది. 2022లో బయటపడిన గ్రబ్ లోపం ఉన్న పాత బూట్‌లోడర్లు ఇక నడవకూడదని మైక్రోసాఫ్ట్ ఆ అప్‌డేట్‌తో ఫర్మ్‌వేర్‌కి ఎస్‌బ్యాట్ అనే కొత్త పరిమితి పెట్టింది. డ్యూయల్ బూట్ మెషిన్లకు అది వర్తించదని చెప్పింది గానీ, వాటిని గుర్తుపట్టే పద్ధతి అన్నిచోట్లా పనిచేయలేదు. బయటపడే దారి చిన్నదే. సెక్యూర్ బూట్ ఆపి, ఉబుంటులో లేచి, సుడోతో మోక్‌యుటిల్‌లో సెట్-ఎస్‌బ్యాట్-పాలసీ డిలీట్ కొట్టి, రీస్టార్ట్ చేసి మళ్లీ ఒకసారి ఉబుంటులోకి వెళ్లి, ఆ తర్వాత సెక్యూర్ బూట్ ఆన్ చేయడం. పాత ఐఎస్ఓతో (ఇన్‌స్టాలర్ ఫైలు) చేసిన పెన్‌డ్రైవ్ ఇదే ఎర్రర్ ఇస్తే కొత్త ఐఎస్ఓ దించుకోవడమే మందు.

అయితే "సెక్యూర్ బూట్ ఆపి" అని నేను ఒక్క ముక్కలో అనేసినదాని వెనక ఈ వ్యాసంలో నిజంగా భయపడాల్సిన విషయం ఉంది. మిగతా ఎర్రర్లలో డేటా ఎక్కడికీ పోదు. ఇక్కడ మాత్రం పోగలదు. కొత్త లాప్‌టాప్‌లో విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలాసార్లు డిస్క్ మనకు తెలియకుండానే ఎన్‌క్రిప్ట్ అయిపోయి (కీ లేకుండా చదవలేనట్టు తాళం పడి) ఉంటుంది, హోమ్ ఎడిషన్‌లో కూడా. సెక్యూర్ బూట్ ఆపినా, బూట్ వరుస మార్చినా, బయోస్ అప్‌డేట్ చేసినా, ఆ ఎన్‌క్రిప్షన్ చూసే బిట్‌లాకర్ అనుమానపడి 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ సాధారణంగా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. అకౌంట్ కొన్నప్పుడు షాపులో ఎవరో సృష్టించి, పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేకపోతే ఆ డిస్క్‌లోని ఫైళ్లను ఏ సర్వీస్ సెంటరూ తీసివ్వలేదు. అందుకే డ్యూయల్ బూట్ అనే ఆలోచన వచ్చిన రోజే అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో మేనేజ్-బీడీఈ స్టేటస్ చూసి, ఎన్‌క్రిప్షన్ ఉంటే కీని కాగితం మీద రాసుకోండి. అదే లాప్‌టాప్‌లో టెక్స్ట్ ఫైలుగా దాచుకోవడం కాదు.

డిస్కే కనిపించకపోతే

ఇంటెల్ లాప్‌టాప్‌లలో ఉబుంటు ఇన్‌స్టాలర్ తెరిస్తే ఒక్కోసారి డిస్క్ కనిపించదు, లేదా ఆర్‌ఎస్‌టీ ఆపమని అడుగుతుంది. డిస్క్ ఆర్‌ఎస్‌టీ లేదా వీఎండీ అనే ఇంటెల్ స్టోరేజ్ మోడ్‌లో ఉండటం దీనికి కారణం. బయోస్‌లో దాన్ని ఏహెచ్‌సీఐ అనే మామూలు మోడ్‌కి మారిస్తే ఉబుంటుకి డిస్క్ కనిపిస్తుంది. విండోస్ మాత్రం "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్" అని క్రాష్ తెర వేస్తుంది. క్రాష్ తెర కాబట్టి మాట్లాడేది విండోస్ కెర్నల్: కొత్త మోడ్‌కి కావాల్సిన డ్రైవర్ బూట్ సమయానికి దాని దగ్గర సిద్ధంగా లేదు. వెనక్కి ఆర్‌ఎస్‌టీకి మార్చగానే విండోస్ ఎప్పటిలా లేస్తుంది కాబట్టి ఇక్కడ కూడా ఫార్మాట్ అక్కర్లేదు.

శాశ్వతంగా మార్చాలంటే వరుస ముఖ్యం. ముందు విండోస్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి, బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టాలి. రీస్టార్ట్ చేసి, విండోస్ లేవక ముందే బయోస్‌లోకి వెళ్లి ఏహెచ్‌సీఐకి మార్చాలి. విండోస్ సేఫ్ మోడ్‌లో లేచి కావాల్సిన డ్రైవర్ పట్టుకుంటుంది. అప్పుడు ఆ టిక్ తీసేసి మళ్లీ రీస్టార్ట్. సేఫ్ మోడ్‌లో పిన్ ఒక్కోసారి పనిచేయదు, కాబట్టి అకౌంట్ అసలు పాస్‌వర్డ్ తెలిసి ఉండాలి. బిట్‌లాకర్ ఉంటే కీ కూడా.

లినక్స్ వైపు "ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్" ప్రాంప్ట్ వస్తే దాని పైన రాసిన రెండు లైన్లు చదవండి. ఫలానా యూయూఐడీ (పార్టిషన్ గుర్తింపు నంబర్) లేదు అంటే డిస్క్ కనిపించడం లేదనో, పార్టిషన్ మళ్లీ ఫార్మాట్ అయిందనో అర్థం. ఫైల్ సిస్టమ్‌ని సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకే చేతితో నడపమంటే, అది చూపించిన పార్టిషన్ పేరుతో ఆ కమాండ్ కొడితే చాలాసార్లు సరిపోతుంది. బ్యాటరీ లేని డెస్క్‌టాప్‌లో కరెంటు పోయి వచ్చాక కనిపించేది ఇదే. మూడో ఓఎస్‌గా ఇంకో లినక్స్ వేశాక మొదటి లినక్స్ బూట్‌లో నిమిషంన్నర పాటు ఆగుతుంటే, కొత్త ఇన్‌స్టాలర్ స్వాప్ పార్టిషన్‌ని (మెమరీ చాలనప్పుడు వాడేది) ఫార్మాట్ చేసి యూయూఐడీ మార్చేసిందేమో చూడండి. పాత లినక్స్ తన పార్టిషన్ల లిస్టు ఫైలు ఎఫ్‌స్టాబ్‌లో ఉన్న నంబర్ కోసం 90 సెకన్లు వెతికి అప్పుడు వదిలేస్తుంది.

రెండూ లేచాక మిగిలే చికాకులు రెండు. విండోస్ ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా అది సగం నిద్రలోనే ఉంటుంది. అప్పుడు ఉబుంటు డి డ్రైవ్‌ని చదవనిస్తుంది గానీ రాయనివ్వదు, లేదా తెరవనే తెరవదు. బలవంతంగా తెరిస్తే ఫైళ్లు పాడవుతాయి. విండోస్‌లో పవర్‌సీఎఫ్‌జీ హెచ్ ఆఫ్ కొడితే ఆ గొడవ తీరుతుంది. రెండోది గడియారం. లినక్స్ మదర్‌బోర్డు గడియారంలో యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) రాస్తుంది, విండోస్ దాన్నే లోకల్ టైమ్ అనుకుంటుంది. అందుకే ఇండియాలో ఉబుంటు వాడి విండోస్‌లోకి వస్తే టైమ్ సరిగ్గా 5 గంటల 30 నిమిషాలు వెనక్కి ఉంటుంది. ఇక్కడున్నవాళ్లు ఉబుంటులో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 కొట్టుకుంటే చాలు. అమెరికాలో చాలాచోట్ల ఏడాదికి రెండుసార్లు గడియారం గంట మారుతుంది కాబట్టి, అక్కడున్నవాళ్లు లినక్స్‌ని కదపకుండా విండోస్ రిజిస్ట్రీలోనే యూటీసీ చదివేలా మార్చుకోవడం మేలు.